నిగ్రహము – వాసనాక్షయము: ఒక రథపాఠము

‘నిగ్రహం’ అనే మాట వినగానే మనలో చాలామందికి బలప్రయోగమే స్ఫురిస్తుంది. ఇంద్రియాలను పట్టి, నొక్కి, కదలనీయకుండా బంధించడమే నిగ్రహమని భావించి సాధనకు ఉపక్రమిస్తాము. కొన్ని దినాలు ఉపవాసం, కొన్ని దినాలు మౌనం. ఆపైన ఒకనాడు స్వల్ప కారణానికే మహాక్రోధం. ‘ఇన్నాళ్ల సాధన ఏమైపోయింది?’ అని అప్పుడు దుఃఖిస్తాము. నిగ్రహసాధనం మన వద్ద ఉండటం వేరు, అది ఆపత్సమయంలో పనిచేసేలా సంస్కారం పొంది ఉండటం వేరు. శాస్త్రంలో చదివిన ఈ భేదం నాకు ఒక మోటారు వాహనపు బ్రేకుల్లో ప్రత్యక్షమైంది.

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయంలోని తృతీయ వల్లి రథరూపకం సాధకలోకానికి సుపరిచితమే. శరీరం రథం, ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు అశ్వాలు, విషయాలు అవి సంచరించే మార్గాలు. ఆ రూపకంలో బ్రేకు ప్రస్తావన లేదన్నది గమనించదగినది. గమనానికీ, దిశకూ, నిలుపుదలకూ పగ్గమొక్కటే ఆధారం. అంటే ఏ మనస్సు పరుగులో తోడుంటుందో ఆ మనస్సే ఆపవలసినది కూడా. కనుక మనస్సుకు శిక్షణ లేకుండా నిగ్రహం లేదు.

ఇక విషయానికి వస్తాను. మా అన్నగారు మూడేళ్ల క్రితం పుష్యమాసపు మంచులో రేపల్లె నుంచి తెనాలికి కారులో తిరిగివస్తూ, వెనుక దీపం లేకుండా రోడ్డు మీద నిలిచి ఉన్న ట్రాక్టరు ట్రక్కును ఢీకొని కాలధర్మం చెందారు. ఆయన బ్రేకు వేశారు. తారు మీద టైర్ల చారలు వారం రోజులు కనిపించాయి. దూరం చాలలేదు, అంతే.

ఆయన కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, నిరుడు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ అనే వేగవంతమైన కారును సెకండ్ హ్యాండులో కొన్నాడు. మా వదినగారికి ఆ వార్త తెలిసిననాటి నుంచి నిద్ర లేదు. “మరిదిగారూ, వాడిచేత ఆ బండి అమ్మించండి. మీ మాటైతే వింటాడు” అన్నారు. సంక్రాంతికి వాడు తెనాలి వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను. నేను నోరు తెరవకముందే వాడే అన్నాడు: “బాబాయ్, బ్రేకులు మార్పించాను. ప్యాడ్లు సెట్ చెయ్యాలి. రేపు తెల్లారాక నాతో వస్తారా?”

తాపము, వాసన

పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు, అధికోష్ణాన్ని సహించే ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిల్. ఖర్చు గట్టిగానే అయింది. అయినా, “ఇవాళ్టికి ఇవి పాతవాటికన్నా తక్కువగానే పట్టవచ్చు, బాబాయ్” అన్నాడు. నాకు ఆశ్చర్యం కలిగింది. దారిలో వాడు వివరించినదాన్ని నా మాటల్లో చెబుతాను.

బ్రేకు చేసే పని చలనశక్తిని ఉష్ణంగా మార్చడం. మనుషులతో కలిపి సుమారు 1,500 కిలోలు తూగే కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి నిలిచిందంటే, దాదాపు రెండు లీటర్ల నీటిని మరుగు స్థితికి తేగల వేడి పుడుతుంది. అదే 50 కిలోమీటర్ల వేగమైతే అర లీటరుకే చాలుతుంది. వేగం సగమైతే తాపం నాలుగవ వంతు అవుతుంది. ఈ వేడినంతా మొదట భరించేవి డిస్కు, ప్యాడ్లు.

కొత్త ప్యాడులో దాని ద్రవ్యాలను బంధించి ఉంచే రెజిన్ ఉంటుంది. తొలిసారి బాగా వేడెక్కినప్పుడు అందులోని కొంత భాగం వాయురూపంలో వెలువడుతుంది. ఆ వాయువు ప్యాడుకూ డిస్కుకూ నడుమ చేరితే పట్టు సడలుతుంది. కనుక ఆపద రాకముందే, మనమే క్రమంగా వేడెక్కించి దాన్ని వెళ్లగొట్టాలి. అదే సమయంలో ప్యాడు ద్రవ్యం అతి పలుచని పొరగా డిస్కు మీద సమంగా పరచుకుంటుంది. ఆ పొర ఏర్పడ్డాక ప్యాడు తాకేది ప్రధానంగా తన ద్రవ్యాన్నే. ఇనుమును గీకే ఒరిపిడి తగ్గి, సజాతీయమైన పట్టు సిద్ధిస్తుంది. తనను తానే ఉద్ధరించుకోవాలన్న గీతాచార్యుని బోధ నాకు అక్కడ స్మరణకు వచ్చింది.

వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వరకు నెమ్మదిగా వెళ్లాము. మంచు పూర్తిగా విడిచాక, రేపల్లె నుంచి బాపట్ల వైపు వెళ్లే 216వ జాతీయ రహదారి మీద అసలు పని మొదలైంది. ప్యాడ్ల పెట్టెలోని కాగితం చెప్పిన క్రమం ఇది: 50 కిలోమీటర్ల వేగం నుంచి మధ్యస్థమైన ఒత్తిడితో వేగాన్ని బాగా తగ్గించాలి, కానీ పూర్తిగా ఆగకూడదు. అర నిమిషం పాటు గాలి తగలనివ్వాలి. మళ్లీ తగ్గించాలి. ఇలా ముప్పై సార్లు. తయారీదారును బట్టి సంఖ్యా వేగమూ మారుతాయి, సూత్రం మారదు. వెనుక వాహనం కనిపిస్తే వాడు పక్కకు తీసి దారి ఇచ్చేవాడు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట, గేదెలు దాటుతున్న చోట లెక్క ఆపేసేవాడు. నేను వేళ్ల కణుపుల మీద లెక్కిస్తున్నాను, జపసంఖ్యలాగే.

పన్నెండో సారికో ఏమో ఘాటైన మాడు వాసన వచ్చింది. నేను కంగారుపడ్డాను. “రావాలి బాబాయ్. ఈ వాసన పోతేనే పట్టు వచ్చేది” అన్నాడు వాడు మామూలుగా. వాడికి తెలియకుండానే వేదాంతం పలికాడు. వాసన అంటే తెలుగులో కంపు, సుగంధం. శాస్త్రంలో వాసన అంటే చిత్తంలో అంటుకుని ఉన్న పూర్వసంస్కార శేషం. రెండూ చల్లగా ఉన్నంతకాలం బయటపడవు. తపస్సు అనే మాటకు మూలార్థం తాపమే కదా! సాధన మొదలుపెట్టాక లోపలి కోపమూ, అసూయా పైకి తేలుతున్నాయని నిరాశపడే సాధకులు దీన్ని గమనించాలి. కంపు వచ్చినంత మాత్రాన బ్రేకు చెడినట్టు కాదు.

ఆగరాదు, అదమరాదు

కర్లపాలెం చేరువలో ఒక ఎడ్లబండి అడ్డం వచ్చింది. వాడు దూరం నుంచే వేగం తగ్గించి, ఎడం ఉంచుకుని మెల్లగా దొర్లిస్తూ వచ్చాడు. మండుతున్న డిస్కును ప్యాడుతో అదిమి పట్టి నిలబడితే, ఆ ఒక్క చోటే ద్రవ్యం మందంగా అంటుకుంటుందట. ఆ మచ్చ వల్ల తరువాత బ్రేకు వేసిన ప్రతిసారీ స్టీరింగు వణుకుతుంది. డిస్కు వంగిపోయిందని జనం అనుకునే సందర్భాల్లో చాలాచోట్ల కారణం ఈ అసమమైన పొరే.

ఉద్రేకం పతాకస్థాయిలో ఉన్నప్పుడు బిగబట్టిన నిగ్రహం కూడా ఇలాంటి మచ్చనే మిగులుస్తుంది. కర్మేంద్రియాలను అణచి మనస్సుతో విషయాలను స్మరించేవాణ్ని గీత మిథ్యాచారుడన్నది. బయటికి నిలిచిపోయిన చక్రం లోపల అదే చోట అంటుకుపోతున్నది. ఆ వేళ చేయవలసినది అదమడం కాదు, ఎడం ఇచ్చి సాగనివ్వడం.

ముప్పై పూర్తయ్యాక బాపట్ల వరకు బ్రేకు దాదాపు తాకకుండా నడిపాడు. చల్లబడటం కూడా ఈ విధిలో భాగమే. భావనారాయణస్వామి ఆలయం దగ్గర హ్యాండ్ బ్రేకు లాగకుండా నిలిపి, దర్శనానికి వచ్చాడు. బయటికి వచ్చాక చూస్తే డిస్కు మీద అంచు నుంచి అంచు దాకా ఒకే తీరున బూడిద వన్నె పొర.

అప్పుడు వాడు అన్నాడు: “నాన్నకు ఆ రోజు ఇంకో పదిహేను అడుగులు దొరికి ఉంటే చాలేది బాబాయ్. ఆ పదిహేను అడుగుల కోసమే ఇదంతా.”

బండి అమ్మమని అడగడానికి నాకు నోరు రాలేదు. కానీ అసత్యమైన ఊరట కూడా ఇవ్వలేకపోయాను. “నాయనా, ఒక్కసారి గట్టిగా ఆపడానికి టైరు పట్టే హద్దు అని ఇందాక నువ్వే చెప్పావు. ఈ బ్రేకుల గొప్పతనం మాటిమాటికీ వేడెక్కినా సడలకపోవడంలో ఉంది. ఆ పదిహేను అడుగులు బ్రేకు ఇస్తుందా, తగ్గించుకున్న వేగం ఇస్తుందా?” అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తెనాలి చేరబోతుండగా, “మంచులో, చీకట్లో ఆ రోడ్డెక్కను. అమ్మతో చెప్పండి” అన్నాడు.

వదినగారికి ఉన్నదున్నట్టు చెప్పాను: బండి అమ్మించలేదు, ఈ మాట తెచ్చాను. ఆవిడ పొయ్యి వైపు తిరిగి, “మాట ఒకసారి ఇస్తారు మరిదిగారూ. అలవాటు రోజూ కావాలి” అన్నారు.

అభ్యాసమంటే ఇంతకు మించిన నిర్వచనం నాకు తెలియదు. పతంజలి చిత్తవృత్తి నిరోధానికీ, శ్రీకృష్ణుడు చంచలమైన మనస్సుకూ చెప్పిన ఉపాయం ఒక్కటే: అభ్యాసం, వైరాగ్యం. అభ్యాసం పొరను పరుస్తుంది. వైరాగ్యం వేగాన్నే తగ్గిస్తుంది. వేగం తగ్గించుకోనివాడు ఎంతటి నిగ్రహాన్ని సంపాదించినా, అది తాపానికి అర్పించే ఇంధనమే అవుతుంది.

కాబట్టి సాధకులారా, ఈ రోజు ఒక చిన్న కోరికను ఎంచుకోండి. దాన్ని నిర్మూలించనక్కరలేదు, కొంచెం నెమ్మదింపజేయండి. విరామం ఇవ్వండి. రేపు మళ్లీ చేయండి. వాసన వస్తే భయపడకండి.

శుభం భూయాత్.