కలలో మెలకువ

మనకు నిద్ర ‘పడుతుంది’. ఈ వాక్యంలో కర్త నిద్రయే గాని మనము కాము. మచిలీపట్నంలో తెలుగు పండితునిగా ఉన్నన్నాళ్ళూ పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పేవాడిని. ఆ కర్త ఎప్పుడు వచ్చి పట్టుకొన్నదో ఎవ్వరూ చూడలేరు. రెప్పలు వాలే వేళ ఏవో రంగులు, ముఖాలు, తెగిన మాటలు కదలాడతాయి. ఒక్కొక్కప్పుడు మెట్టు తప్పినట్లు ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. అంతవరకే జ్ఞాపకం.

అయితే కలలో ఉంటూనే ‘ఇది కల’ అని తెలిసే స్థితి ఒకటి ఉన్నది. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ దీనికి యంత్రసాక్ష్యం సంపాదించారు. కలగనేటప్పుడు దేహం చచ్చుబడినట్లున్నా కనుగుడ్లు కదులుతాయి గదా! ముందు అనుకొన్న ప్రకారం, నిద్రిస్తున్న వ్యక్తి కలలోనుండి కన్నులతోనే సంకేతం పంపాడు. తరువాత కొన్నేళ్ళకు స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ కూడా దీనిని నిరూపించారు. ఇట్టి కలలు ఎక్కువగా తెల్లవారుజామునే వస్తాయట. కలల నిద్ర రాత్రి చివరి భాగంలోనే దట్టంగా ఉంటుంది.

ఇది చదివినప్పుడు నాకు మా కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం గుర్తుకు వచ్చింది. కళింగ దండయాత్ర వేళ అక్కడ ఏకాదశి ఉపవాసమున్న శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, తెలుగులో కావ్యం చెప్పుమన్నాడని ఆముక్తమాల్యదలో ఉన్నది. ఆ కల వచ్చినది నాలుగవ జామున!

రాయలవారి కల వరమిచ్చింది. నా కల చాలాకాలం భయాన్నే ఇచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు నేను గుడివాడలో చదువుకొంటున్నాను. మా అమ్మమ్మ నాగాయలంక వైపు పల్లెలో ఉన్నది. ఆమె ఆనవాలు దొరకలేదు. నేను చూడని ఆ నీరు ఏళ్ళ తరబడి నా కలలోకి వచ్చేది. అది గుమ్మం చేరగానే కేకవేసి లేచేవాడిని.

పదవీ విరమణ తరువాత ఒకనాటి వేకువన మళ్ళీ అదే కల. అరుగు మీద నిలబడి ఉన్నాను. ‘ఈ యిల్లు ఇప్పుడు లేదు గదా’ అనిపించింది. అంతట అది కల అని తెలిసిపోయింది. నీటిని ఆగుమన్నాను, ఆగలేదు. కాని పారిపోవలసిన పని లేకపోయింది. అమ్మమ్మ చేయి పట్టుకొని నిలిచాను. నీరు మోకాళ్ళ దాకా వచ్చింది. ‘ఎప్పుడొచ్చావురా, అన్నం తిన్నావా?’ అన్నది. జవాబు చెప్పేలోపల మెలకువ వచ్చింది.

తెలిసి కనే కలను ఇష్టం వచ్చినట్లు నడిపించవచ్చునని కొందరంటారు. నాకంతటి అధికారం దక్కలేదు. కర్తృత్వం కలదే. కాని నన్ను అక్కడ నిలవనిచ్చింది, ఆనాడు నేను లేని చోట. నాకది చాలు.

మిత్రులారా, మీలో ఎవరికైనా ఇట్టి మెలకువ కలిగి ఉంటే చెప్పండి. ఏ జామున వచ్చినదో మాత్రం మరువకండి.