కార్డు మీది పేరు

మా ఇంట్లో వార్తలు షీర్‌ఖుర్మాతో పాటే వడ్డిస్తారు.

రంజాన్ నాడు మగవాళ్లు నమాజుకు పోయి తిరిగొచ్చి, పిల్లలకు ఈదీ పంచాక, ఫిల్మ్‌నగర్ బస్తీలో మా అమ్మీ ఇంట్లో దస్తర్‌ఖాన్ పరుస్తారు. ఎవరు ఎక్కడికి పోయొచ్చారు, ఎవరికి వీసా వచ్చింది, ఎవరింట్లో కాన్పు, ఎవరికి ఏ ఆపద... ఏడాది లెక్కంతా అక్కడే తేలుతుంది. ఇల్లు పెద్దదేం కాదు. రెండు గదులు, పైన రేకుల గది. వెనక గోడ మేం కట్టింది కాదు, కొండదే. ఆ గుండెక్కి చూస్తే ఒకవైపు జూబ్లీహిల్స్ మేడలు, ఇంకోవైపు దూరంగా గోలకొండ. మా పిల్లలు ఈ రెంటి మధ్యే పెరిగారు.

2025 మార్చి 31న వచ్చిన రంజాన్‌కి ఇరవై ఎనిమిది మందిమి కూడాం. ఇరవై తొమ్మిదో మనిషి వయసు ఐదు రోజులు. ఇంకా పేరు లేదు. ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవంతా ఆ పేరు గురించే.

గొడవ చెప్పేముందు మా అబ్బా గురించి చెప్పాలి.

అబ్బాది నల్లగొండ జిల్లాలో వొక పల్లె. పీర్ల పండగ వస్తే కులాలన్నీ కలిసి అలావా చుట్టూ ఆడే వూరు. 1978లో పని వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చాడు. సినిమా కూడా అప్పుడే మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇటు వస్తోంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950ల నుంచే వుంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో పెట్టారు. అప్పుడిక్కడ అన్నీ గుండ్లూ తుప్పలే. అబ్బా మొదట రాళ్లు మోశాడు, తర్వాత లైట్లు మోశాడు. కొన్నాళ్లకు యూనియన్ కార్డు సంపాదించుకుని లైట్‌మ్యాన్ అయ్యాడు. జూబ్లీహిల్స్‌లో వొక్కో మేడ లేస్తుంటే, ఆ మేడల్లో షూటింగులకు లైట్లు పెట్టి, రాత్రి కాల్‌షీటు అయ్యాక నడుచుకుంటూ ఈ కొండెక్కి ఇంటికొచ్చేవాడు.

ఈ గుట్టలకు సినిమా రాకముందు కూడా వొక పేరుంది. ఇక్కడి భూముల కాగితాలు తీసి చూడండి, ఇప్పటికీ షేక్‌పేట అనే రాసి వుంటుంది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి వుంది. గోలకొండకు వచ్చే బాటసారులు దిగి, తిని, పడుకుని పొయ్యే చోటు. వచ్చినవాడికి చోటివ్వడానికి కట్టిన వూరన్నమాట. ఆ వూరి పేరులోనే షేకు వున్నాడు. కానీ ఇవాళ ఆ పేరున్నవాడికి అదే కొండ మీద అద్దె ఇల్లు దొరకదు. ఆ సంగతికి వస్తాను.

అబ్బా ముప్పయ్యేళ్లకు పైగా లైట్ల కింద పనిచేశాడు. ఒక్కరూ పేరు పెట్టి పిలవలేదు. 'సాయిబూ' అనేవాళ్లు. యూనిట్లో ఇద్దరుంటే వొకరు 'లైటు సాయిబు', ఇంకొకరు 'డ్రైవరు సాయిబు'. ప్రేమగానే పిలిచేవాళ్లు, అది అబద్ధం కాదు. నా పెళ్లికి యూనిట్ వాళ్లంతా తలా ఇంత వేసుకుని ఇనప బీరువా కొనిచ్చారు. ఇప్పటికీ నా బట్టలు దాంట్లోనే వున్నాయి. వాళ్లను తిట్టడానికి నేనిది రాయడం లేదు.

కానీ వొక శుక్రవారం సంగతి కూడా రాయాలి. అబ్బా జుమ్మాకు పోవడానికి టోపీ జేబులో పెట్టుకుని వున్నాడు. బాంబులు పెట్టేవాడి సీను తీస్తున్నారు. గడ్డం అతికించారు, కళ్లకు సుర్మా పెట్టారు, టోపీ మాత్రం తేవడం మర్చిపోయారు. 'సాయిబూ, నీ టోపీ వొకసారి ఇయ్యి' అన్నారు. అబ్బా ఇచ్చాడు. అంతేకాదు, ఆ టోపీ మీద వెలుగు సరిగ్గా పడేటట్టు లైటు పట్టుకున్నదీ అబ్బానే. సాయంత్రం టోపీ తిరిగొచ్చింది. ఇంటికొచ్చి వుతికి, ఆరేసి, మడిచి ట్రంకులో పెట్టాడు. మళ్లీ ఎప్పుడూ సెట్టుకు టోపీ తీసుకుపోలేదు. మాతో ఏం చెప్పలేదు. అమ్మీకి చెప్పాడు. అమ్మీ మాకు, ఆయన 2011లో పోయాక చెప్పింది.

సరే, పండగ దగ్గరికి వస్తాను.

మొదటి వార్త మా పెద్ద ఫూఫీది. కృష్ణానగర్లో జూనియర్ ఆర్టిస్టులకు జాకెట్లు కుట్టీ కుట్టీ వేళ్లు వంకర్లు పోయిన మనిషి. ఆ వేళ్లతోనే రూపాయి రూపాయి కూడబెట్టి వుమ్రాకు పోయొచ్చింది. విమానాన్ని సెట్టులో చూసిందే గానీ నిజంగా ఎక్కడం అదే మొదలు. జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు తలా కొంచెం పెట్టింది. కాబా చూసి ఏడ్చింది చెప్తుందనుకున్నాం. ముందు చెప్పింది వేరే. వజూ దగ్గర చెప్పు కనపడక తనలో తనే 'అయ్యో, నా చెప్పేడ పోయిందే' అనుకుందట. పక్కనున్న ముసలామె గిర్రున తిరిగి 'ఏ వూరమ్మా మీది?' అందట. గుంటూరామె. లోకంలోని భాషలన్నీ కలిసిన చోట ఇద్దరూ తెలుగులో కష్టసుఖాలు చెప్పుకుని, దమ్మామ్‌లో వున్న కొడుకుల ఫోన్ నెంబర్లు మార్చుకున్నారు. 'మక్కాలో నాకు చెల్లె దొరికింది' అంటోంది ఫూఫీ. నేను సర్కారు బడిలో తెలుగు చెప్తాను. పాతికేళ్లుగా నన్నడిగే ప్రశ్న వొక్కటే: 'మీరు ముస్లిం కదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?' మక్కాలో గుంటూరామె ఆ ప్రశ్న అడగలేదు.

ఫూఫీ కొడుకు దమ్మామ్ నుంచి ఫోన్లో పండగ చేసుకున్నాడు. పన్నెండేళ్లలో నాలుగు పండగలే మాతో తిన్నాడు. ఫోను చేతులు మారి మారి తిరిగింది. అందరూ 'ఎప్పుడొస్తవు' అని అడిగేవాళ్లే. బయటివాళ్లు మమ్మల్ని 'మీకు పాకిస్తాన్‌లో చుట్టాలున్నారా' అని అడుగుతారు. లేరు. మా చుట్టాలు కూలి వున్న చోట వుంటారు.

రెండో వార్త మా తమ్ముడి కొడుకుది. పుట్టిన బాబుకు తండ్రి వాడే. వాడి గురించి కొంచెం వెనక్కి పోవాలి.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. నెలాఖరుకు ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరు టీవీల్లో మొదలైంది. రోగానికి కూడా మతం అంటగట్టారు. మా బస్తీలో కూరగాయల బండి తోసే పిల్లవాడు పేరు చెప్పడానికి భయపడ్డాడు. ఆ ఏడు ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువుల్ని చేశారని చెప్పింది. అప్పటికి ఆ మాట విన్న చెవులెన్ని?

మావాడు తీర్పు కోసం ఆగలేదు. స్నేహితులతో కలిసి శవాలు మోసే పనిలో చేరాడు. 2021 ఏప్రిల్, మే నెలల్లో అయితే రాత్రీ పగలూ లేదు. మనవాళ్లకు గుస్ల్, కఫన్, జనాజా నమాజు. హిందువులైతే శ్మశానం దాకా మోసి, అయినవాళ్లు దూరం నుంచి చెప్పినట్టు చేసేవాళ్లు. కొడుకులు అమెరికాలో వుండిపోయిన వొక పెద్దాయనకు, ఆయన భార్య ఫోన్లో కన్నీళ్లతో వొప్పుకుంటే, మావాడే కుండ పట్టి చుట్టూ తిరిగాడు. అది విన్న రోజు మా ఇంట్లో తలా వొక మాట అన్నారు. అమ్మీ మాత్రం 'వాడు మట్టికి పోయేవాడి రుణం తీర్చిండు, దాంట్ల అడిగేదేముంది' అంది.

రెండేళ్ల తర్వాత వాడికి పెళ్లయింది. జూబ్లీహిల్స్‌లోనే వొక కంప్యూటర్ గ్రాఫిక్స్ ఆఫీసులో పని. పని దగ్గరే ఇల్లు తీసుకుందామని తిరిగాడు. ఫోన్లో 'వుంది, రండి' అనేవాళ్లు. పేరు చెప్పగానే 'ఇప్పుడే ఇచ్చేశామండీ', లేకపోతే 'మేం ప్యూర్ వెజిటేరియన్'. ఏడిళ్లు తిరిగాడు. అందులో వొక వీధి 2021లో వాడు శవాన్ని దింపుకొచ్చిన వీధే. చివరికి టోలీచౌకీలో తీసుకున్నాడు. ఇదంతా వాడు నవ్వుతూనే చెప్తాడు. ఆ నవ్వు చూస్తే నాకు భయమేస్తుంది.

ఆ పండగ రోజు ఖుర్మా గిన్నె పక్కన పెట్టి వాడన్నాడు: 'నా కొడుక్కి మతం తెలియని పేరు పెడత. సమీర్ అనో, కబీర్ అనో, అమన్ అనో. ఇంటి పేరు గూడ రాయను. ఫోన్ల పేరు చెప్తే తలుపు తెరుసుకోవాలె.'

చిచ్చా మండిపడ్డాడు. తమ్ముడు 'వాడన్నదాంట్ల తప్పేముంది' అన్నాడు. గొంతులు లేచాయి. నన్నడిగారు, చదువుకున్నదాన్ని కదా. నాకు నోరు రాలేదు. ఎందుకంటే నేనూ ఆ పని చేశాను. రైల్లో ఎదుటివాళ్లు పేరడిగితే 'తెలుగు టీచర్నండీ' అని చెప్పి వూరుకున్నాను. ఒకసారి కాదు. 'మీరు ముస్లింలా కనబడరు' అంటే అదేదో మెప్పు అయినట్టు నవ్వాను కూడా.

సినిమా ఇల్లు కదా, చివరికి వాడు సినిమా సాక్ష్యమే తెచ్చాడు. 'యూసుఫ్‌ఖాన్ దిలీప్‌కుమార్ కాలేదా? మహజబీన్ మీనాకుమారి కాలేదా? ముంతాజ్ మధుబాల కాలేదా?'

అప్పుడు నాకు నోరొచ్చింది. 'వహీదా రెహమాన్ కాలేదు' అన్నాను. 1955లో 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన పిల్ల. ఆంధ్రదేశమంతా ఆ పిల్లను చూసి మురిసింది. గురుదత్ ఆమెను మొదట చూసింది ఈ హైదరాబాదులోనే. బొంబాయి తీసుకుపోయి, 'సిఐడి' సినిమాకు పేరు మార్చుకోమంటే, అమ్మానాన్న పెట్టిన పేరు మార్చనంది. ఆ సినిమా 1956లో ఆ పేరుతోనే వచ్చింది. ఆ పేరునే దేశం నోరారా పిలిచింది.

'ఆమె వహీదా రెహమాన్, ఫూఫీ. నేను కిరాయిదారును' అన్నాడు వాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ధైర్యం చెప్పడం తేలిక. ఏడో ఇంటి గేటు ముందు నిలబడింది వాడు, నేను కాదు.

అమ్మీ లేచి లోపలికి పోయింది. ట్రంకు మూత చప్పుడైంది. అబ్బా యూనియన్ కార్డు తెచ్చి మనవడి చేతిలో పెట్టింది. చెమటకు, వానకు అంచులు చిరిగిపోయిన కార్డు. దాని మీద అబ్బా పేరు, ఆయన తండ్రి పేరు పూర్తిగా వున్నాయి. అమ్మీ నెమ్మదిగా అంది: 'ముప్పయ్యేండ్లు సాయిబనే పిలిచిండ్రు. ఆయన పేరు ఈ కాగితం మీద తప్ప యాడ లేదు. నేను గూడ మొగని పేరు చెప్పకూడదని పిలవలె.'

ఎవరూ మాట్లాడలేదు. పక్క గది గడప దగ్గర పిల్లవాణ్ని వొళ్లో పెట్టుకుని కోడలు కూర్చుని వుంది. కడప పిల్ల. డాక్టరు ప్రయాణం వద్దంటే పుట్టింటికి పోలేదు. పెద్దల మధ్య ఎప్పుడూ నోరెత్తదు. 'పేరు దాస్తే ఇల్లు దొరుకుతాదేమో గానీ, రేపు వాడు పెద్దోడై, ఎందుకు దాసినారని అడిగితే ఏం జెప్తాం?' అంది.

వాడు కార్డు చూస్తూ కూర్చున్నాడు. సరేనని అనలేదు, కాదని అనలేదు. ఆ కార్డు జేబులో పెట్టుకుని టోలీచౌకీ పోయాడు.

రెండు రోజులకు, ఏడో రోజున అఖీకా. తల వెంట్రుకలు తీశారు. పుట్టిన రోజే చెవిలో అజాన్ చెప్పాం, ఇక పేరొక్కటే మిగిలింది. ఇమాం సాబ్ పేరడిగారు. మావాడు జేబులోంచి కార్డు తీసి, మొదటిసారి బడికి పోయిన పిల్లవాడిలా కూడబలుక్కుని, దాని మీద వున్న పేరు చదివాడు. అమ్మీ ముసుగులో మొహం దాచుకుంది. నా పెళ్లిలో కూడా ఆమె అంత ఏడవలేదు.

దీంతో ఏదో గెలిచామని నేననుకోవడం లేదు. వాడుండేది ఇంకా టోలీచౌకీలోనే. 2025 ఆగస్టులో కూలి 30 శాతం పెంచాలని సినిమా కార్మికులు సమ్మె చేసినప్పుడు, తమ్ముడికి పని లేక ఇంట్లో కూర్చుని మనవణ్ని ఆడించాడు. తండ్రి పేరు పెట్టి కొడుకును ఎట్లా పిలవాలని మొదట్లో సిగ్గుపడ్డాడు. ఇప్పుడు బస్తీ అంతా వినేటట్టు పిలుస్తున్నాడు.

నేను కూడా వొక పని చేశాను. ఈ మధ్య రైల్లో ఎదురు సీటావిడ పేరడిగింది. పూర్తిగా చెప్పాను. ఆమె వొక్క క్షణం ఆగి, తర్వాత తన పులిహోర డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. అందరూ పెట్టరు. కొందరు కిటికీ వైపు తిరుగుతారు. అయినా చెప్పాలి.

ఇంతకీ మనవడి పేరేమిటని అడగబోతున్నారు కదా. ఇక్కడ రాయను. అది వాడు చెప్పుకోవలసిన పేరు. ఇంకో రెండేళ్లకు మాటలొస్తాయి. ఏ పండగకైనా మా కొండ మీదికి రండి, షీర్‌ఖుర్మా తాగుదాం. వాణ్నే అడగండి.