ఎక్కువ ఇస్తానన్నవాడు

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తా) దగ్గరికి రాగానే నోరు తెరవడు, ముందు చెయ్యి పెడతాడు. పైకి కనపడే కాయల్ని పక్కకి నెట్టి, లోపలికంటా చెయ్యి పోనిచ్చి గుప్పెడు బయటికి లాగుతాడు. పిడికిట్లో నొక్కి తేమ చూస్తాడు. తొడిమ తుంచి, కాయ విరిచి, గింజ చూస్తాడు. తాలు ఎంత కలిసిందో చూపుతోనే లెక్కకడతాడు. ధర మాట ఆ తర్వాతే. పత్తి కొనుగోలు కేంద్రంలోనూ ఇంతే. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) ఆ పత్తి ముట్టుకోదు. కొలిచి చూశారని అక్కడ ఏ రైతూ కోపం తెచ్చుకోడు. సరుకు తెచ్చినవాడికి సరుకు పరీక్షకి నిలబడాలని తెలుసు.

నేను పాత నాణేలు, పాత తెలుగు పత్రికలు ఫోన్లో ఫోటోలు పెట్టి అమ్ముతాను. ఇదే పనిలో ఉన్న మిత్రులు కలిస్తే ఎక్కువగా కొనేవాళ్ళ మీద ఫిర్యాదులే వినిపిస్తాయి. ఒకటే ప్రశ్నలని, పది ఫోటోలు పంపినా ఇంకొకటి అడుగుతారని, తూకం కావాలంటారని, అంచు చూపించమంటారని. ఈ ఫిర్యాదుతో నాకు పేచీ ఉంది. ఫోన్లో కొనేవాడికి టిక్కీలో చెయ్యి పెట్టే వీలు లేదు కదా. ప్రశ్నే ఆయన చెయ్యి. దాన్ని తోసేస్తే మన టిక్కీ అడుగున ఏదో దాచినట్టే లెక్క.

పైగా ఆ అడగడంలో న్యాయం ఉంది. ఆరో జార్జి బొమ్మతో వచ్చిన 1939 నాటి వెండి రూపాయి అరుదైనది. అరుదైనది కాబట్టే దానికి నకిలీలూ ఎక్కువే. తెలిసిన మనిషి ముందు తూకం అడుగుతాడు. ఆ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాతకాలపు తులం. కంసాలి దుకాణాల్లో ఒకప్పుడు రూపాయే తూకపు రాయి. అందుకే నేను వెండి నాణేన్ని చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి, అంకె కనపడేలా ఫోటో తీసి, వాళ్ళు అడక్క ముందే పంపుతాను. రెండు ముఖాలూ, అంచూ, మరక ఉంటే మరకా. చింతపండుతో తోమిన నాణెమైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాస్తాను. మన ఇళ్ళల్లో నల్లబడ్డ నాణెం కనపడితే చింతపండు పట్టించి తళతళలాడేదాకా తోమడం పెద్దల అలవాటు. వాళ్ళు ప్రేమతోనే తోమారు. కాని సేకరించేవాళ్ళకి ఆ నలుపే కావాలి. తోమిన నాణేనికి సగం ధర కూడా పలకదు. ఆ విషయం కొన్నాక తెలిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

పత్రికల విషయంలో అడిగేవాళ్ళు ఇంకా సూక్ష్మంగా అడుగుతారు. 1947 జూలైలో చందమామ మొదలైంది. దాన్ని నాగిరెడ్డితో కలిసి పెట్టిన చక్రపాణిది మా పక్క తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని బరువు మోసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. అందుకో మరెందుకో గాని మా వైపు ఇళ్ళల్లో, అటకల మీద, భోషాణాల్లో చందమామలు ఇప్పటికీ దొరుకుతాయి. చాలావరకు ఏడాది సంచికలు కలిపి కుట్టించిన బైండ్లు. బైండు చేసేవాడు అట్టలు చించేసి, ప్రకటనల పేజీలు తీసేసి, అంచులు కత్తిరించి కుట్టేవాడు. కథలు చదువుకోవడానికి అది చాలు. వడ్డాది పాపయ్య ముఖచిత్రం కోసం వచ్చిన మనిషికి మాత్రం అందులో ఏమీ మిగల్లేదు. అందుకే 'అట్ట అసలుదేనా, ప్రకటనలు ఉన్నాయా, పిన్నులు తుప్పు పట్టాయా' అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఒకావిడ తాను పుట్టిన నెల సంచిక కావాలని నెలల తరబడి వెతికించింది. దొరికాక ప్రతి పేజీ ఫోటో అడిగింది. తీసి పంపాను. ఏదో పిల్లవాడు లోపల పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసిన పేజీ చూసి, 'ఇదే కావాలి, చెరపకండి' అంది. అంతగా అడిగే మనిషి కష్టపెట్టే మనిషి ఎలా అవుతుంది? ఆ పుస్తకం ఎవరి చేతిలో పడాలో వాళ్ళ చేతిలోనే పడింది.

ఇంకొకాయనకి ఒక పాత సీరియల్ చదువుకోవడమే కావలసింది. సంచికలు కొని దాచుకునే ఉద్దేశం లేదు. ఆయన్ని వేటపాలెం వెళ్ళమన్నాను. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు, ఆనాడు జనం తోపులాటలో విరిగిన ఆయన చేతికర్ర ఇంకా అక్కడే భద్రంగా ఉంది. పాత పత్రికలు వరస తప్పకుండా దొరికే చోటు మా జిల్లాల్లో అంతకు మించి లేదు. ఆయన వెళ్ళి చదువుకొచ్చాడు. నాకో అమ్మకం పోయింది, కాని అది నాకు రావలసిన అమ్మకం కాదు.

కోప్పడే కొనుగోలుదారుల్లోనూ ఎక్కువమందిది అక్కసు కాదు, తెలియకపోవడం. నా దగ్గర 1947 రూపాయి కొన్న ఒకాయన చేరిన రోజే ఫోన్ చేసి గట్టిగా అరిచాడు. 'మీ రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటోంది. ఇది వెండి కాదు, ఇనుము. మోసం చేశారు' అని. నేను అది వెండి అని ఎక్కడా రాయలేదు. అయినా ఆ మాటతో మొదలుపెడితే గొడవ పెరుగుతుంది. వెనకవైపు పులి ఉందా అని అడిగాను. ఉంది. అప్పుడు కథ చెప్పాను. 1939 దాకా రూపాయిలో వెండి నూటికి 91 పాళ్ళు దాటి ఉండేది. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక 1940 నుంచి సగానికి దిగింది. యుద్ధంలో అమెరికా నుంచి అప్పు తెచ్చుకున్న వెండి తిరిగి తీర్చాల్సి రావడంతో ఆ సగమూ పోయి, 1947లో పులిబొమ్మ రూపాయిని శుద్ధమైన నికెల్‌తో ముద్రించారు. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకోకపోతేనే మీరు నన్ను తిట్టాలి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత 'మరి 1945ది మీ దగ్గరుందా?' అని అడిగాడు. ఇప్పుడు నా దగ్గర తరచూ కొనేవాళ్ళలో ఆయనొకడు, అయస్కాంతం ఇంకా దగ్గర పెట్టుకునే కొంటాడు.

'ఫైనల్ ఎంత బ్రో' అని ఒక్క ముక్క పంపి మాయమయ్యేవాళ్ళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బేరం ఆడనివాడు మా నేల మీద కొనుగోలుదారే కాడు. ధర చెప్తాను, నచ్చితే తీసుకుంటారు. అసలు నాణెం ఉంచుకుని వేరేది వాపసు పంపేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. వాళ్ళకి ఒకటే మందు. పంపేముందు గీతా, గాటూ కనపడేలా ఫోటోలు దాచుకోవడం, పెట్టె సీలు వేసేదాకా వీడియో తీసుకోవడం, వాళ్ళని కూడా విప్పేటప్పుడు వీడియో తీయమని ముందే చెప్పడం. నిజాయితీపరులెవరూ ఈ మాటకి నొచ్చుకోలేదు.

కాదని చెప్పి తీరాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. మనది మామూలు నేల కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం చినగంజాంలో దొరికింది. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ చెప్పక్కర్లేదు. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఇప్పటికీ గట్టి వాన పడ్డాక చేలో ఆ కాలపు సీసం బిళ్ళ కనపడ్డదనే మాట వింటుంటాం. 'అలాంటివి నేరుగా రైతు దగ్గర తీసి పెట్టండి, ఎంతైనా ఇస్తాను' అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకి నా జవాబు ఒక్కటే. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెప్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఏ చేలో, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందన్న సమాచారం పోతే ఆ బిళ్ళ చరిత్ర పోయినట్టే, ఒట్టి సీసం మిగులుతుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవాళ్ళు ఇంకో రకంగా అడుగుతారు. ఐదో జార్జి బొమ్మలో అంగీ మీద ఏనుగు పందిలా ఉందని గొడవై వెనక్కి తీసుకున్న 1911 రూపాయి ఒకటుంది. అది తమకి పోస్టులో పంపమని. వందేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కుదరదు. పుట్టిన ఊరి జ్ఞాపకంగా అడుగుతున్నారని తెలిసీ కాదనడం నాకు బాధే. అయినా కాదంటాను.

ఇప్పుడు అసలు భయపెట్టే కొనుగోలుదారు దగ్గరికి వస్తాను. వాడు ఏమీ అడగడు. ఫోటో సరిగా చూడడు, తూకం అక్కర్లేదు, బేరం ఆడడు. చెప్పిన ధరకి వెంటనే సరే అంటాడు. తాను సైన్యంలో పనిచేస్తున్నానంటాడు, క్యూఆర్ కోడ్ పంపి 'స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది' అంటాడు. డబ్బు మన ఖాతాలోంచి పోవడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

వీడి అన్నగారు ఒకడున్నాడు. వాడు అడిగినదానికంటే ఎక్కువ ఇస్తానంటాడు. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలు, 786 అంకె ఉన్న నోటుకి లక్షలు, వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలు. ఆశపడ్డ మనిషి తన దగ్గరున్నదాని ఫోటో పంపుతాడు. వెంటనే 'ఓకే' అయిపోతుంది. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, దాని మీద జీఎస్టీ, ఆ పైన రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్టు. ఒకటి కట్టగానే ఇంకొకటి. పాత నోట్లు, నాణేల పేరుతో తమ పేరు వాడుకుని ఫీజులు, పన్నులు అడుగుతున్న వాళ్ళతో తమకి సంబంధం లేదని, అలా వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. బియ్యపు గింజల్ని లాక్కునే చెంబంటూ 'రైస్ పుల్లింగ్' పేరుతో మన రెండు రాష్ట్రాల్లో జరిగిన మోసాలూ ఈ కుదురులోవే.

2025లో మిర్చి ధర కూలిపోవడంతో, క్వింటాకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. ఆ సీజన్లో నాకు పల్లెల నుంచి ఇలా లక్షల మాట విన్నవాళ్ళ ఫోన్లు ఎక్కువయ్యాయి. కౌలు కట్టాల్సిన మనిషి, మందుల కొట్లో బాకీ ఉన్న మనిషి, నాయనమ్మ పెట్టెలో దొరికిన బిళ్ళ మీద ఆశ పెట్టుకుంటే తప్పు ఆయనదని నేననలేను. కాని ఒక సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. యార్డులో ఎవడైనా టిక్కీ విప్పకుండా రేటుకి పదింతలు ఇస్తానంటే ఈ రైతే కమీషన్ ఏజెంటుని పిలిచి 'వీడెవడో కనుక్కోండి' అంటాడు. అక్కడ తన సరుకు తనకి తెలుసు, తేజ రకానికి ఎంత పలుకుతుందో, తాలుకి ఎంత పోతుందో తెలుసు. నాణెం గురించి తెలియదు. తెలియని చోటే వాడు దూరతాడు. కాబట్టి ఎవరు ఫోన్ చేసినా ముందు సరుకు గురించి చెప్తాను. అది విక్టోరియా రూపాయా, ఎడ్వర్డుదా, ఎలా పోల్చుకోవాలి, మామూలుగా దానికి ఎంత వస్తుంది. డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటాను.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన చేశాడు. విక్టోరియా రూపాయికి పన్నెండు లక్షలిస్తామన్నారట, ముందు పన్ను కింద పదివేలు పంపమన్నారట.

"తూకం అడిగారా బాబాయ్?"

"లేదు."

"అంచు చూపించమన్నారా? సంవత్సరం అడిగారా?"

"ఏందీ అడగలా. చూడంగానే కావాలన్నారు."

"నీ మిరపకాయలు అట్టా ఎవరైనా కొన్నారా ఎప్పుడన్నా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పదివేలు పంపలేదు, అదే నాకు ఊరట. ఆ తర్వాత గొంతు మార్చి, "సరే, నువ్వైతే ఎంతిస్తావబ్బాయ్?" అన్నాడు. ఫోటోలు పంపమన్నాను. మనవడి చేత కిరాణా కొట్టు కాటా మీద పెట్టించి పంపాడు. పదకొండు గ్రాముల పైనే తూగింది. చింతపండుతో తోమిన నాణెం, అంచు అరిగింది. వెండి ధర మీద కాస్త వేసి చెప్పాను.

"ఇంతేనా? వెండి రేటు చూసే చెప్తన్నావా?"

చూసే చెప్పానన్నాను. పొద్దున్నే పేపర్లో తానూ చూశానన్నాడు. ఇంకో మూడొందలు అన్నాడు, వంద అన్నాను, నూటయాభై దగ్గర ఆగాం.

"డబ్బు నా ఖాతాలో పడ్డాకనే నాణెం పోస్టులో వేస్తా, ముందు మాత్రం పంపను," అన్నాడు.

"అట్టాగే బాబాయ్," అన్నాను, ఖాతా నంబరు రాసుకుంటూ.