తుపాకీకి గీటురాయి

పెద్దవాళ్ళు పోయాక మిగిలిన వస్తువులకు ఖరీదు కట్టడం మనకు చేతకాని పనేం కాదు. గంగాళమైతే తూకం వేయిస్తాం. గొలుసైతే గీటురాయి మీద గీయిస్తాం. పట్టుచీరైతే అంచు తిరగేసి జరీ చూస్తాం. మరి జోడుగొట్టాల తుపాకీ మిగిలితే ఏం చెయ్యాలో చెప్పండి!

మా మామగారు పోయాక పొలం, ఇల్లు కాక అదొకటి మిగిలింది. లైసెన్సు ఆయన పేర ఉంది కనక ఇక ఇంట్లో ఉంచుకోకూడదట. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించాలి. మావారు పట్నం తీసుకెళ్ళి, దుకాణంలో ఇచ్చి రసీదు తెచ్చారు.

పంపకాల నాడు పేచీ వచ్చింది. "అది ఇంగ్లండు తుపాకీ. లక్షలు చేస్తుంది. చిన్నాడు దాన్ని తీసుకుంటే, చెరువు కింద వాడి అరెకరం నాకు వదిలెయ్యొచ్చు" అన్నారు మా పెద్ద బావగారు. మా మరిది నోట్లో నాలుక లేని మనిషి. తలూపేశాడు. అతని భార్య మాత్రం నావైపు చూసింది. ఇద్దరాడపిల్లల తల్లి మరి.

"బంగారమైతే చూపించే పంచుకుంటాం కదండీ. దీన్నీ చూపిద్దాం" అన్నాను.

అందరం కలిసి దుకాణానికి వెళ్ళాం. దుకాణం పెద్దాయన ముందు తుపాకీ మడత విప్పి, రెండు గొట్టాల్లోనూ తూటా లేదని చూసుకున్నాకే మాట మొదలెట్టాడు. "ఇది పన్నెండు బోరు. అంటే పౌను సీసంతో సమంగా పన్నెండు గుళ్ళు పోస్తే, ఒక్కో గుండు ఈ గొట్టానికి సరిపోతుంది. అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది" అన్నాడు. మన చీరల నూలు నంబరు లాగేనన్నమాట!

తర్వాత గొట్టాలు ఊడదీసి అడుగువైపు తిప్పాడు. "పైన పేరు ఎవరైనా చెక్కుకోవచ్చమ్మా. అసలు సంగతి ఇక్కడుంటుంది" అన్నాడు. మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం పగల్లేదని తేలాక వేసే ముద్రలట అవి. బర్మింగ్‌హామ్ పరీక్షశాలలో 1904 నుంచి కిరీటం కింద బి.పి., బి.వి. అని వేసేవారట. మా తుపాకీ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అని ఉంది. "ఇది లియేజ్ ముద్ర. బెల్జియం సరుకు" అన్నాడు.

బావగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

గొట్టాల మీద పాము కుబుసంలాంటి మెలికలున్నాయి. డమాస్కస్ పనితనమట. ఇనుము, ఉక్కు కడ్డీల్ని జడలా మెలేసి, చుట్టలా చుట్టి, కాల్చి కొట్టి అతికిస్తారట. అందంగానే ఉంది కానీ, ఆ గొట్టాలు పాతకాలపు నల్లమందు కోసం చేసినవి. ఇప్పటి తూటా పెడితే పగిలే ప్రమాదముంది. పైగా ఎవరో తళతళలాడేలా రుద్దించి, ఉన్న విలువ కూడా పోగొట్టారు. కొనేవాడికి లైసెన్సుండాలి. అదీకాక 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఇన్ని చెప్పి ఆయన కట్టిన ఖరీదు నాలుగు మంచి పట్టుచీరలకు మించలేదు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు చేస్తున్న పని ఆపకుండానే అన్నారు:

"నన్నడిగితే ఇక్కడే చెప్పేదాన్ని కదర్రా దాని ఖరీదు. మీ నాన్న అది కొన్నది నా కాసులపేరు అమ్మి. పదహారు కాసులు."

ముగ్గురు కొడుకులూ ముఖాలు చూసుకున్నారు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ మాట అన్నట్టు గుర్తులేదు. చెరువు కింద అరెకరం సంగతి బావగారు మళ్ళీ ఎత్తలేదు. పొలమంతా మూడు సమాన వాటాలైంది.

ఇక తుపాకీ ఎవరికి? వారసులెవరైనా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని దుకాణం ఆయన చెప్పాడన్నారు మావారు.

"అయితే నా పేర పెట్టండి" అన్నారు అత్తగారు.

"ఈ వయసులో నీకెందుకమ్మా తుపాకీ?" అన్నారు బావగారు.

"ఎందుకేమిట్రా? నా కాసులపేరు నాకొద్దూ!"