కౌకూర్ చలిలో కలివికోడి తలపు

కౌకూర్ అడవి అంచు. ఇంకా ఆరు కాలేదు. మఫ్లరు చుట్టుకున్నా చెవులు జివ్వుమంటున్నాయి. నా ఊపిరికే బైనాక్యులర్స్ మసకబారితే చొక్కా అంచుతో తుడిచాను. ముళ్లపొదలో ఏదో కదిలింది. ఊపిరి బిగబట్టాను. తీరా చూస్తే కౌజుపిట్ట!

కలివికోడి గుర్తొచ్చింది. 1900 తర్వాత జాడలేక అంతరించిందనుకున్న పిట్ట 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది. పట్టుకున్నది ఐతన్న అనే ఊరి వేటగాడు. శాస్త్రవేత్తలకు దొరకనిది ఆయన చేతికి చిక్కింది! పగలంతా పొదల్లో నక్కి, చీకటిపడ్డాక తిరిగే పిట్ట మరి. నేనేమో అలారం పెట్టుకుని తెల్లారుజామునే లేస్తాను.

కౌజు మళ్లీ కూసింది. ఫ్లాస్కు మూత తిప్పాను. టీ చల్లారిపోయింది.