తెరకు ఇవతల

శ్రావణపు ముసురు మూడు దినములు విడువక కురిసి, దిగువ మానేరు మీదుగా వచ్చు గాలి ఒడలు జలదరింపజేయుచున్న 2024 నాటి ఒక మంగళవారమున, కరీంనగరములోని ఒక బస్తీ ఆరోగ్య కేంద్రపు వరండాలో, ఇరువదిమంది స్త్రీల నడుమ నేనొక్కడనే మగవాడనై బల్లమీద ముడుచుకొని కూర్చుండియుంటిని. పక్కనున్న వృద్ధురాలు నా చెప్పులనుండి కళ్లద్దముల దాక ఒకసారి పారజూచి, "నీకేం పనయ్యా ఈడ? ఇయ్యాల ఆడోళ్ల దినం" అని నిలదీసినది. పత్రికకు వ్రాయుటకై వచ్చితినని విన్నవించుకొనగా, "రాస్తె రాయి గని, ఆ తెర దిక్కు మాత్రం పోకు" అని హద్దు గీచినది. ఆ హద్దును నేను దాటలేదు; ఈ వ్యాసమంతయు తెరకు ఇవతల కూర్చున్నవాని వ్యాసము.

మంగళవారము ఆడవారి దినమగుటకు కారణము ఆరోగ్య మహిళ కార్యక్రమము. 2023 మార్చి 8న ఈ కరీంనగరముననే ప్రారంభమై, తొలుత రాష్ట్రమందలి 100 కేంద్రములలో నెలకొన్న ఈ ఏర్పాటులో రొమ్ము, నోటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలతో గూడ ఎనిమిది విధములైన సేవలు కలవు. రక్తపోటు చూపించుకొనుటకు ఎవరు జంకుదురు? జంకంతయు ఆ ముఖద్వార పరీక్షయొద్దనే.

జనము చేరకముందే నర్సమ్మ నాకు తన పళ్లెము చూపినది: ఆవిరిలో శుద్ధిచేసిన స్పెక్యులము, దూది చుట్టిన పుల్లలు, చిన్న సీసాలో నీళ్లవంటి ద్రవము. మూత తీసి వాసన చూడుమనగా ముక్కుపుటములు చుర్రుమన్నవి; సందెవేళ నూడుల్స్ బండ్లయొద్ద గుప్పుమను వెనిగరు వాసనయే అది, నూటికి ఐదుపాళ్ల ఎసిటిక్ ఆమ్లము. దానిలో ముంచిన దూదిని ముఖద్వారమున అద్ది, ఒక్క నిమిషమాగి, దీపపు వెలుగున చూచినచో, దారితప్పిన కణములున్న తావు తెల్లబడి కనబడునట. "ఆ ఒక్క నిమిషమే కష్టం సార్. పడుకున్నామెకు గంట లెక్కనే ఉంటది. అందుకే ముచ్చట పెడ్త" అన్నదామె. ఆ దినమంతయు తెర వెనుకనుండి ఆ ముచ్చటలే నాకు వినవచ్చినవి: నాట్లయినయా, కొడుకు దుబాయినుంచి ఫోను చేసిండా, కోడలు నీళ్లాడిందా.

వచ్చినవారిలో నలుబదేండ్ల బీడీ కార్మికురాలొకతె ఉండెను. దారము చుట్టి చుట్టి ఆమె చూపుడువేలి కొన కాయగాచి నునుపెక్కియున్నది. "తెల్లబట్ట అయితుందని చూపిచ్చుకుంటె, గర్భసంచి తీసెయ్యాలె, లేకుంటె క్యాన్సరైతదన్నడు ఒగాయిన. ఎందుకయితదో చెప్పలే" అని ఆమె మెల్లగా చెప్పినది. గర్భసంచి తీసివేతలలో దేశమంతటికిని మన రెండు తెలుగు రాష్ట్రములు ముందుండుట వెనుక ఇట్టి అర్ధోక్తులెన్ని యున్నవో! భయము చెప్పుటకు నోళ్లున్నవి. కారణము చెప్పుటకు తీరిక లేదు. నర్సమ్మ, "చూద్దామా అక్కా? వద్దంటె వద్దు" అని ఊరకున్నది. ఆ కార్మికురాలు లేచి బయటికి పోయి, చెట్టుక్రింద నిలిచి, అరగంటకు తనంత తానే తిరిగివచ్చి తెర వెనుకకు నడిచినది. తెలుపేమియు లేదు, మామూలు ఇన్ఫెక్షను, మందుబిళ్లలతో పోవునది.

ఆమెకు ఎవరును చెప్పని కారణము మిక్కిలి సూక్ష్మమైనది. 1980వ దశకపు తొలినాళ్లలో జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్ ఈ క్యాన్సరు కణములలో హ్యూమన్ పాపిల్లోమా వైరసు ఉనికిని పట్టి, 2008లో నోబెల్ బహుమానమందెను. లైంగిక సంపర్కముచేత సోకు ఈ హెచ్‌పీవీ జీవితమున ఏదో ఒకనాడు దాదాపు అందరిని తాకి, చాలమందిలో ఒకటి రెండేండ్లలో తానే పోవును. పోక మొండికేసినవి మాత్రము, ముఖ్యముగ 16, 18 సంఖ్యల రకములు, కొందరిలో పదియో ఇరువదియో ఏండ్లకు క్యాన్సరై తేలును. కనుక ఇది శీలమునకు వేసిన మచ్చ కాదు, జలుబువలె సర్వసామాన్యమైన తాకిడి. ఇంత దీర్ఘమైన వ్యవధి ఇచ్చి వచ్చు శత్రువే యైనను, 2022లో మన దేశమున దాదాపు 80 వేలమంది స్త్రీలు దీనికి బలియైరి.

ఈ వ్యవధిని వాడుకొన్నవారు మనకు దూరమువారు కారు. ఒకప్పుడు కరీంనగరు, ఆదిలాబాదులతోపాటు నిజాము రాజ్యములో జిల్లాయైయుండి నేడు మహారాష్ట్రములోనున్న ఉస్మానాబాదు పల్లెలలో 1,31,746 మంది స్త్రీలను చేర్చుకొని జరిగిన పరిశోధన ఫలితము 2009లో వెలువడెను: జీవితములో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసినంతనే, ఈ క్యాన్సరు మరణములు సగమునకు తగ్గినవి.

కరీంనగరము విడిచి, జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నము వంతెనక్రింద ఎర్రనై పొర్లుచున్న గోదావరిని చూచి, లక్షెట్టిపేట, జన్నారముల మీదుగ కవ్వాల టేకువనములు తడియుచుండగా, శనివారమునాటికి ఉట్నూరు చేరితిని. అచటికి చేరువనున్న ఒక ఆశ్రమ పాఠశాలలో, పిల్లలను చూడవచ్చిన గోండు తల్లులను కూర్చుండబెట్టి, తానును గోండు బిడ్డయే యైన ఏఎన్‌ఎం, హెచ్‌పీవీని అడ్డు టీకాను గురించి చెప్పుచుండెను. ప్రభుత్వ టీకాల పట్టికలో అది అప్పటికింకను చేరియుండలేదు. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు దానిని ప్రోత్సహింతుమని ఆ యేటి ఫిబ్రవరిలో కేంద్ర మధ్యంతర బడ్జెట్టున ప్రకటించిరి. పుణెలోని సీరం సంస్థ 2022లో స్వదేశీ టీకాకు అనుమతి పొందినను, బజారులో దాని ధర నాడు ఈ తల్లులకు అందనిదై యుండెను. ఇంకను రాని సూదికి ఈ ముందుమాట యెందుకని నేనడుగగా, "వచ్చినంక చెప్తె లాభం లేదు సార్. ఖమ్మంల ఏమైందో తెల్వదా?" అన్నదామె.

తెలియకేమి! 2009 జూలైలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి, నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో దాదాపు 14 వేలమంది బాలికలకు ఈ టీకా వేయించిరి. అందనేకులు హాస్టలు పిల్లలు. తల్లిదండ్రుల మారుగ వార్డెన్లే అంగీకారపత్రములపై సంతకములు పెట్టిరి. కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. పురుగుమందు మున్నగునవి కారణములని, టీకాతో సంబంధము కనబడలేదని విచారణ సంఘము తేల్చెను. సంతకముల తీరును మాత్రము 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము తీవ్రముగ గర్హించెను. టీకా నిర్దోషియైనంత మాత్రమున అడుగకపోవుట నిర్దోషము కాదని నా తలంపు. ఆ కలవరములో, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి గూడ పాల్గొన్న వేరొక పరిశోధన సైతము నడిమిలోనే ఆగి, సుమారు 5 వేలమంది బాలికలకు ఒక్క మోతాదే అందెను. పదేండ్లు వారిని కనిపెట్టి చూడగా, ఆ ఒక్క మోతాదే మూడింటితో సమానముగ కాపాడినదని తెలిసెను! 2022లో ఒక్క మోతాదు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించుటకు ఆధారమైనవాటిలో ఇదియు నొకటి.

ఏఎన్‌ఎం తన సంచినుండి గుప్పెడు వడ్లు తీసి, తాలు గింజనొకదానిని ఏరి, "పైపొట్టు వడ్లగింజే, లోపల బియ్యం లేదు. మొలకరాదు. టీకా గిట్లనే, వైరసు పొట్టే, గింజ లేదు. ఒంటికి దొంగ ముఖం చూపిస్తది" అని మొదట గోండిలోను, నాకై తెలుగులోను చెప్పెను. ఒక తల్లి ఏదో అడిగినది. పెండ్లికాని పిల్లకు ఈ సూది ఎందుకని ఆమె ప్రశ్నయట. "వాన పడ్డంక ఇల్లు కప్పుతమా?" అని ఏఎన్‌ఎం తిరిగి అడుగగా తల్లులు నవ్విరి, అడిగినామె నవ్వలేదు. టీకా వేసుకున్నను ముప్పదియేండ్లు దాటినపిమ్మట పరీక్ష మానరాదన్న మాటగూడ విని, కొంతసేపు ఊరకుండి, లేచి, తెలుగులోనే, నన్నుగూడ చూచుచు ఇట్లనెను:

"సూదొచ్చిన్నాడు కబురు నాకు చెప్పు. సారుకు చెప్పి ఊకోకు."

ఏఎన్‌ఎం తన నోటుబుక్కు చివరి పుట త్రిప్పి, ఆమె పేరు, గూడెము పేరు వ్రాసికొనెను. ఆ పుటలో అప్పటికే పదునొకండు పేర్లుండెను.