తీగకు రెండు కొసలు

కంప్యూటరు అనగానే తెర ఉండాలనుకుంటాం. కానీ సంస్థల గదుల్లో రాత్రింబవళ్ళు నడిచే సర్వర్లలో చాలావాటికి తెర ఉండదు. అవి మొదలయ్యేటప్పుడు ఏం చెబుతున్నాయో తెలియాలంటే, వెనుకనున్న సీరియల్ పోర్టుకు ఒక తీగ తగిలించి, రెండో కొసను మన లాప్‌టాప్‌కు కలపాలి. హోసూరు నుంచి రోజూ బెంగుళూరు వెళ్ళి నేను చేసే ఉద్యోగం ఇలాంటిదే.

ఈ తీగలో అక్షరాలు బిట్టు వెంట బిట్టుగా వస్తాయి. ఏ బిట్టు ఎంతసేపు ఉంటుందో చెప్పే గడియారం మాత్రం వాటితో రాదు. అందుచేత సెకనుకు ఎన్ని బిట్లన్నది ఇరువైపులా ముందే ఒప్పుకొని ఉండాలి. ఆ వేగానికి వాడే బాడ్ అనే మాట ఎమిల్ బోడో (1845–1903) అనే ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు పేరు మీద వచ్చింది. మామూలుగా ఒక్కో అక్షరానికి ముందొకటి, వెనుకొకటి కలుపుకొని 10 బిట్లు పడతాయి. కనుక 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలు, 115200 వేగంలో 11,520 అక్షరాలు వస్తాయి. సర్వరు 60,000 అక్షరాలు పలికితే మొదటి వేగంలో నిమిషం దాటుతుంది, రెండో వేగంలో అయిదారు సెకన్లు చాలు.

చిక్కేమిటంటే, ఆ తీగ మీద మాట్లాడేవారు నలుగురు. ముందు ఫర్మ్‌వేర్, తర్వాత గ్రబ్ వంటి బూట్ లోడరు, ఆపైన కెర్నల్, చివర లాగిన్ అడిగే ప్రోగ్రాము. విందులో వడ్డన గరిటె చేతులు మారినట్టు తీగ ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. వేగం అందరికీ కుదరాలి. లినక్స్ కెర్నల్‌కు కన్సోల్ ఏ పోర్టో చెప్పి, వేగం చెప్పకపోతే అది 9600 అనుకుంటుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థలో రాత్రి కరెంటు పోయి వచ్చింది. సర్వరు మొదలై నాలుగు వరుసలు చక్కగా పలికి, ఆ తర్వాత అంతా విరిగిన గుర్తులే కురిపించింది. అక్కడున్న కుర్రవాడు, "మిషను పోయింది సార్, డిస్కు తుడిచి మొదటినుంచి ఎక్కించేద్దాం" అన్నాడు. ఆ డిస్కులో ఏళ్ళ తరబడి లెక్కలున్నాయి. ఆగమన్నాను. చెడింది కెర్నల్ మాట అందుకున్న చోటే కదా! సర్వరును తాకకుండా లాప్‌టాప్ వేగాన్ని 115200 నుంచి 9600కు తగ్గించాను. అప్పుడు మాటలు కనిపించాయి: డిస్కు తనిఖీ జరుగుతోంది. అరగంటకు అది ముగిసి లెక్కలన్నీ క్షేమంగా బయటపడ్డాయి. తర్వాత బూట్ లోడరులో కెర్నల్‌కు ఇచ్చే వరుసలో 115200 అని చేర్చి, మరోసారి మొదలుపెట్టి చూసుకున్నాం.

ఈ సంగతి మన పత్రికలో ఎందుకంటే, మన ఇళ్ళలోనూ ఇలాంటిది జరుగుతోంది. కోస్తా నుంచి వచ్చిన చుట్టం ఒకాయన మా అమ్మ "యాడికి పోతా ఉండావు నాయనా" అంటే విని, "ఇదేం తెలుగండీ!" అని నవ్వాడు. తరతరాలుగా ఇక్కడ పలికిన మాట అది. ఆ రోజు నుంచి అమ్మ చుట్టాల ముందు నోరు విప్పడం తగ్గించింది. మా అమ్మాయి కూడా నానమ్మకు ఇంగ్లీషులో జవాబివ్వడం మొదలుపెట్టింది. నాకు బాధ కలిగించింది ఈ రెండోదే.

అమ్మాయికి ఆ సర్వరు కథ చెప్పాను. అవతలివాళ్ళు సరిగ్గానే పలుకుతున్నా, మన వేగం కుదరకపోతే మనకు పిచ్చిగీతల్లా వినిపిస్తుంది. ముందు సర్దుకోవలసింది వినేవాళ్ళే, ఎందుకంటే మార్చడం వాళ్ళకే తేలిక. వేసవి సెలవుల్లో ఆ పిల్ల రోజూ సాయంత్రం నానమ్మ దగ్గర కూర్చుంది. ఇప్పుడు ఇంటికి చుట్టాలొస్తే, అమ్మ మాటల్లో వాళ్ళకు తెలియనివాటికి అర్థం చెబుతున్నది మా అమ్మాయే.